సిరా నీళ్లు

మా నాన్న ఫిర్మాన్ జీవితంలో మనసారా పొగిడింది ఒక్కదాన్నే, నది ఒడ్డున మాకున్న ద్రాక్ష తోటని. నోరారా తిట్టిందీ ఒక్కదాన్నే, గుట్ట మీద ఉండే పొరుగావిడ అల్బానీ అత్త తోటని. రెండు చోట్లా ఉన్నది మాల్బెక్ ద్రాక్షే. ఎవరి వైను గ్లాసులో పోసినా వెనకున్న వేలు కనిపించనంత నలుపే. అయినా మాది మా కాఓర్ ప్రాంతపు అసలైన వైను, ఆవిడది సిరా నీళ్లు! నలభై ఏళ్లుగా ఇదే పాట.

"పంతొమ్మిది వందల యాభై ఆరు చలికి లోయలో తోటలన్నీ చచ్చాయి. నేనప్పుడు పటాలంతో అల్జీరియాలో ఉన్నా. మా అమ్మ మొదళ్లకి మట్టి ఎగదోసి కాపాడింది. నేనొచ్చేసరికి మళ్లీ చిగురేసి ఉంది మా తోటొక్కటే! అదీ పౌరుషమంటే. ఆ గుట్ట మీద తీగలకేం, చలి తగలని చోట సోమరిగా బతికాయి" అనేవాడు.

ఆ పౌరుషం ఇప్పుడు డొల్లబారిపోతోంది. సగం మొదళ్లు ఎండిపోయాయి. నర్సరీ మొక్కలు వేసి చూశాం. పళ్లు లావు, రసం పలచన, పీకి పారేశాం. పాత తీగ దొరక్కపోతే తోట నాతోనే ఆఖరు. ఆ పాత తీగ ఉన్నది అల్బానీ అత్త దగ్గరే.

"తోట చస్తే చావనీ, ఆ సిరా కొమ్మ నా మట్టిలో దిగడానికి వీల్లేదు!" అన్నాడు నాన్న. నాకు ఒళ్లు మండిపోయింది. చెప్పకుండానే గుట్టెక్కాను.

"కొమ్మలు కత్తిరించి రేపు మధ్యాహ్నం నేనే తెస్తాలేవే. మీ నాన్నతో చెప్పావా?" అంది అత్త.

"లేదత్తా."

"అయితే ధైర్యానికి ఇది తాగు" అంటూ ఒక సీసా చేతిలో పెట్టింది. ఇంటి వైనుకి మాలో ఎవరమూ చీటీ అంటించం. ఆ సీసాని మా సీసాల వెనక దాచాను.

మర్నాడు నాన్న సూపు తాగి, అడుగున కాస్త మిగిల్చి, మా ప్రాంతపు అలవాటుగా అందులో పోసుకోవడానికి చెయ్యి చాచి వైను అందుకున్నాడు. నేను పొయ్యి దగ్గర్నుంచి తిరిగి చూసేసరికి పోసేస్తున్నాడు. సీసాల వెనక చోటు ఖాళీ. అది నేను దాచిన సీసా! రెండు చేతులా గిన్నె ఎత్తి తాగి, మీసాలు తుడుచుకున్నాడు.

"ఇదీ! నాలుకని పట్టుకుని వదలని ఆ వగరు చూడు. ఎండిన ప్లమ్ పళ్ల వాసన చూడు. ఆవిడ తల్లకిందులైనా ఇలాంటిది తీయగలదా? మన తోటేనే ఇది!"

నా నోరు ఊరుకోలేదు. "నాన్నా, అది ఆవిడ వైనే."

"నా వైను నాకు తెలీదూ?" అంటూ నాన్న సీసా ఎత్తి వాసన చూశాడు. మళ్లీ చూశాడు. సరిగ్గా అప్పుడే కొమ్మల కట్టతో అత్త గుమ్మంలోకి వచ్చింది.

"నీ వైనుకి మా రుచి ఎలా వచ్చింది?" అని అరిచాడు.

"మీ దానికే మా రుచి వచ్చిందిరా ఫిర్మాన్. ఆ చలికి మీకు మిగిలినవి వేళ్లే. మీ అమ్మ వచ్చి ఒడినిండా కొమ్మలు పట్టుకెళ్లి, ఆ వేళ్ల మీద అంట్లు కట్టింది."

"అబద్ధం! మరి నాకెందుకు చెప్పలేదు?"

"'వాడు యుద్ధంలోంచి బతికొస్తే, ఇక్కడ ఒక్కటైనా చావకుండా ఉందని వాడికి కనిపించాలి' అంది. ఎవరితోనూ అనకూడదని ఒట్టేయించుకుంది. ఇన్నేళ్లూ నీ తిట్లు తింటూనే ఉన్నా."

మట్టి ఎగదోసిందని చెప్పుకుని మేం ఎంత మిడిసిపడ్డాం! నాన్న దిగ్గున లేచాడు. కట్టని పొయ్యిలో పారేస్తాడని అడ్డం వెళ్లాను. నన్ను పక్కకి నెట్టి ఒక కొమ్మ లాగాడు. జేబుకత్తితో చివర కోసి, లోపలి పచ్చదనం చూశాడు.

"కూర్చో. సూపుంది" అన్నాడు అత్తతో, మొహం చూడకుండా. నా మీద మాత్రం అరిచాడు. "ఏమిటే అలా నిలబడ్డావు? పట్టుకెళ్లి తడి ఇసకలో పాతిపెట్టు, పొయ్యి సెగకి ఎండిపోవూ!"