భుజానికి రాసుకునే మందు

మా ఆయన మీద నాకో ఫిర్యాదు ఉంది. ఈమధ్య ఆయన బనియన్లు ఆయనే ఉతుక్కుంటున్నారు. ఉతుక్కుంటే ఉతుక్కున్నారు, నాకు నెలంతా వచ్చే సబ్బుబిళ్ళని వారంలో అరగదీస్తున్నారు. బనియన్‌ని పిండే తీరు చూస్తే దానితో ఏదో పాత పగ ఉన్నట్టుంటుంది. ఆరేశాక రెండడుగులు వెనక్కి వేసి మరీ చూసుకుంటారు. ఆయన ఉద్యోగం వంతెనలకు నమూనాలు గీయడం. ఏ వంతెననీ అంత తృప్తిగా చూసుకోవడం నేను ఎరగను.

నా మీద దయ పుట్టి చేస్తున్న పని కాదిది, డాక్టరమ్మ ఆజ్ఞ. రోజూ పొద్దున్నే స్నానం చేశాక భుజాలకు ఒక జెల్ రాసుకోవాలి. అది ఆరాకే చొక్కా తొడుక్కోవాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆ మందు ఆడవాళ్ళ ఒంటికి అంటకూడదు, కాబట్టి విడిచిన బనియన్లు నేను ముట్టుకోకపోతే మంచిది. డాక్టరమ్మ బనియన్ల దాకానే చెప్పింది. ఇంటికొచ్చాక మేజోళ్ళు కూడా అందులోకే వస్తాయని చెప్పింది నేను. డిగ్రీ చదివినదాన్ని, శాస్త్రాన్ని ఆ మాత్రం విస్తరించలేనా?

ఈ జెల్ వెనక అయిదేళ్ళ కథ ఉంది. మనిషి ఎప్పుడు మారాడో చెప్పమంటే చెప్పలేను. గోడకి తేమ పట్టినట్టు మారారు. ఆఫీసు నుంచి వచ్చి కుర్చీలో కూలబడితే అన్నానికి పిలిచేదాకా లేచేవారు కాదు. టీవీలో వార్తలు చదివేవాళ్ళతో వాదన పెట్టుకునే మనిషి, సౌండు తగ్గించి బొమ్మలు చూస్తూ కూర్చునేవారు. పక్క వాటాలో వాళ్ళ తాళం చెడిపోయినా, మిక్సీ ఆగిపోయినా ముందు పరిగెత్తేది ఆయనే. అలాంటిది మా బాల్కనీలో కుర్చీకి కాలు ఊడదీసి, మళ్ళీ బిగించకుండా వదిలేశారు. రాత్రిళ్ళు నిద్రలేదు, పగలంతా నిద్రే. ఒకరోజు దిండు తీసుకుని పక్కగదిలోకి మారిపోయారు. మర్నాడు ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ, నావల్ల ఏమైనా పొరపాటు జరిగిందా అని అడిగాను. పేపరులోంచి తలెత్తకుండా, “నిన్ను చూస్తే ఏమీ అనిపించడం లేదు. నన్నేం చెయ్యమంటావ్?” అన్నారు. నేను కాలరు కూడా ఇస్త్రీ చేసి, చొక్కా హ్యాంగరుకి తగిలించి, బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పాను.

మా అత్తగారు వేరే ఊళ్ళో మా ఆడపడుచు దగ్గర ఉంటుంది. మా ఇంటిని ఫోనులోనే పాలిస్తుంది కాబట్టి మనసులో ఆవిణ్ణి హెడ్డాఫీసు అంటాను. కొడుకు చిక్కిపోయాడని తెలియగానే హెడ్డాఫీసు విచారణ పూర్తిచేసి తీర్పు కూడా ఇచ్చేసింది. “ఇంట్లో ఆడది కళకళలాడుతూ ఉంటే మగాడు ఇలా డీలా పడతాడా అమ్మాయ్? ఆ నైటీలేమిటి, ఆ ముడేమిటి?” చుట్టాలింట్లో అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు ఇదే మాట ఇంకాస్త పెద్ద గొంతుతో అంది. వడ్డిస్తున్నది నేను. ఆయన నీళ్ళగ్లాసు వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ రోజు ఇంటికొచ్చాక అద్దం ముందు నిలబడి, కొత్త కోడలిని చూసే ముత్తవ్వలా నన్ను నేను పరీక్షించుకున్నాను. లోపం ఎక్కడుందో దొరికితే సరిచేసుకుందామనే. జుట్టు కత్తిరించుకున్నాను. తినడం తగ్గించాను. ఆయనకు నీరసంగా ఉంటే నేను రక్తపరీక్షలు చేయించుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది గానీ, అప్పుడు నాతో సహా ఎవరికీ అందులో వింత కనిపించలేదు.

థైరాయిడ్ బాగుంది, షుగర్ లేదు, రక్తం నిండుగా ఉంది. మళ్ళీ ఇంకేదో పరీక్ష రాయమని వెళితే డాక్టరమ్మ కలం కింద పెట్టింది. “మీకేమిటి ఇబ్బంది?” అంది. “మా ఆయన నీరసంగా ఉంటారండీ” అన్నాను. ఆవిడ కలానికి మూత పెట్టి, “ఆయన్ని తీసుకురండి” అంది. రమ్మంటే వచ్చే మనిషి కాదు. అందుకని, “నా రిపోర్టులేవో మీకే చెబుతారట, భర్త పక్కన ఉండాలట” అన్నాను. మొహం పాలిపోయింది, పాపం. సెలవు పెట్టి వచ్చారు. గదిలోకి వెళ్ళాక డాక్టరమ్మ నావైపు చూడనైనా చూడకుండా, “మీరు చొక్కా చెయ్యి మడవండి” అంది ఆయనతో.

రెండు వేర్వేరు రోజులు, పొద్దున్నపూట రక్తం తీశారు. మగ హార్మోను ఉండాల్సినదానిలో సగం కూడా లేదు. మెదడు అడుగున బఠాణీగింజంత గ్రంథి ఒకటి ఉంటుందట, కిందికి ఆజ్ఞలు పంపడం దాని పని; అది పంపడం మానేసింది. కండబలం, నిద్ర, హుషారు, కోరిక, అన్నిటికీ ఆ హార్మోను కావాలట. “ఎంత కావాలండీ?” అని అడిగాను నేను. డాక్టరమ్మకి ఆ ప్రశ్న నచ్చినట్టుంది. “ఆరోగ్యంగా ఉన్న మగవాడి రక్తమంతా వెతికినా ఉప్పురవ్వంత కూడా దొరకదమ్మా” అంది.

ఇంటికొచ్చి ఉప్పుడబ్బా తెరిచాను. ఒక రవ్వని వేలికొసన అంటించుకుని కిటికీ వెలుగులో పెట్టి చూశాను. ఇంతకన్నా తక్కువది ఒకటి తరిగితే ఒక మనిషి నవ్వు ఆగిపోయింది. పడకలు వేరయ్యాయి. ఊళ్ళు దాటి హెడ్డాఫీసు దాకా కబురు వెళ్ళింది. నేను జుట్టు కత్తిరించుకున్నాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా మరిచిపోయి, పొయ్యి మీద పాలు పొంగేదాకా దానివైపే చూస్తూ నిలబడ్డాను. ఇంత పెద్ద మనిషిని ఇంత చిన్నది మోస్తోందా!

ఆ రోజు ఆస్పత్రి నుంచి వస్తూ బస్సులో ఆయన ఒక్కమాటే మాట్లాడారు. “ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా అమ్మకి.” సరే అన్నాను. నా నైటీ సంగతి చుట్టాలందరికీ తెలుసు, ఆయన రక్తం సంగతి మాత్రం రహస్యం.

జెల్ మొదలుపెట్టాక నెలలు గడిచేకొద్దీ మనిషి కొద్దికొద్దిగా తిరిగొచ్చారు. ముందు నిద్ర వచ్చింది. తర్వాత ఆకలి. ఒకనాడు హాల్లోంచి కేకలు వినిపిస్తే కంగారుగా వెళ్ళాను. వార్తలు చదివే అమ్మాయితో వంతెనల గురించి గొడవపడుతున్నారు. గుమ్మం పట్టుకుని అలాగే నిలబడి విన్నాను. ఊరెళ్ళిన మనిషి చెప్పాపెట్టకుండా దిగినట్టుంది. దిండు కూడా వెనక్కి వచ్చింది. సంతోషించాను, అబద్ధమెందుకు. కానీ ఒకటి మాత్రం నన్ను వదల్లేదు. హార్మోను తగ్గితే నీరసం వస్తుంది, చిరాకు వస్తుంది. నా మొహం మీద అన్న ఆ మాట దానంతట అదే వస్తుందా? దానికి రాసుకునే జెల్ ఏదీ డాక్టరమ్మ ఇవ్వలేదు.

మొన్న హెడ్డాఫీసు తనిఖీకి వచ్చింది. కొడుకుని చూసి మురిసిపోయింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర నన్ను చూస్తూ, “ఇప్పటికి దారిలోకి వచ్చావు అమ్మాయ్. కాస్త మొగుణ్ణి పట్టించుకునేసరికి వాడెలా కోలుకున్నాడో చూడు. అయిదేళ్ళనుంచి నేను మొత్తుకుంటున్నది ఇదే కదా?” అంది.

మామూలుగా అయితే చిరునవ్వు నవ్వి పెరుగు వడ్డించేదాన్ని. ఆ రోజు గరిటె గిన్నెలో పెట్టేసి, కుర్చీ లాక్కుని వాళ్ళతోపాటు కూర్చున్నాను. ఆయన రహస్యాన్ని నేను బయటపెట్టను, అలా మాటిచ్చాను. కానీ దాన్ని కప్పడానికి నన్ను నేను పరచుకోవడం ఇక చెయ్యను.

“ఏమండీ, అత్తయ్య అడుగుతున్నారు” అన్నాను.

ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయారు. లేచి వెళ్ళిపోతారనుకున్నాను.

“తను పట్టించుకోవడం కాదమ్మా. జబ్బు నాది. మగ హార్మోను తగ్గిపోయింది. మందు వాడుతున్నాను.”

“ఛ, అవేం మాటలురా అన్నం ముందు? మన ఇంట్లో అలాంటివి ఎవరికీ లేవు.”

“నాకుంది.”

“డాక్టర్లు ఏదో ఒకటి అంటారు. వాళ్ళకేం తెలుసు?”

“డాక్టరు చెప్పకముందే నాకు తెలుసమ్మా.”

ఇది నేను ఎదురుచూసిన మాట కాదు. ఆయన వాళ్ళమ్మ వైపు నుంచి మొహం తిప్పి, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి నన్ను చూస్తున్నట్టు సూటిగా చూశారు.

“పాడైంది నా ఒళ్ళేనని నాకు తెలుసు. భయమేసింది. నీమీదకు నెట్టేశాను, అమ్మ అంటుంటే విని ఊరుకున్నాను. నేను చేసింది తప్పు.”