పాట పక్కన పేరు

మంగళవారం డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్న హాతీరాం మొదట తన కళ్లనే నమ్మలేదు. పద్నాలుగో పాటకు పాడినవారి పేరు బాలి అని ఉండాలి. బాలి అంటే వాళ్లమ్మ. తన చేతులతో కొట్టిన పేరు. ఇప్పుడక్కడ హేమ్లి అని ఉంది.

పదిహేనో పాటకూ హేమ్లి. పదహారుకూ అంతే.

ఆ పేరు గలవాళ్లెవరూ అతనికి తెలియదు.

అది రెండువేల ఆరు, వానాకాలం చివర. హాతీరాం పాల్వంచలో థర్మల్ ప్లాంటులో ఆపరేటరు. తల్లి బాలి, భార్య ద్వాలితో కంపెనీ కాలనీలో ఉంటాడు. తండ్రి దేవ్లా పోయి రెండేళ్లయింది. పోతూ పోతూ ఆయన మిగిల్చింది ఒక ట్రంకు పెట్టె, దాని నిండా క్యాసెట్లు. వయసులో ఉన్నప్పుడు టేప్‌రికార్డరు భుజానికి తగిలించుకుని తండాలు తిరిగి పట్టిన లంబాడీ పాటలవి. తీజ్ పండగ పాటలు, పెళ్లి పాటలు, పుట్టిల్లు విడిచేటప్పుడు పెళ్లికూతురు ఏడుస్తూ పాడే ఢావ్లోలు. తేమకు టేపులు అతుక్కుపోతుంటే చూడలేక, హాతీరాం సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొని ఒక్కొక్కటే అందులోకి ఎక్కించాడు. ఎక్కించిన ప్రతిదీ ట్రాక్ ఒకటి, ట్రాక్ రెండు అంటూ పడేది. తెలుగు అక్షరాలు ఆ కంప్యూటర్లో రావు కాబట్టి, ఇంగ్లీషు అక్షరాల్లోనే పాట మొదటి మాట, ఏ సందర్భంలో పాడేది, ఎవరు పాడారు, ఏ తండా అని రాసుకుంటూ వచ్చాడు. రెండు నెలలు పట్టింది.

చాలా క్యాసెట్ల మీద తండ్రి పెన్సిల్‌తో పేర్లు రాసిపెట్టాడు. ఒక్క క్యాసెట్ మీదే ఏమీ లేదు. అందులో పన్నెండు పాటలు, ఒకే ఆడగొంతు. తన చిన్నప్పుడు ఇంటికొచ్చినవాళ్లు ఆ క్యాసెట్ విని, "నీ పెండ్లాం గొంతు గింత మంచిగుంటదా దేవ్లా!" అనేవాళ్లు. తండ్రి ఔననేవాడు కాదు, కాదనేవాడు కాదు. తల్లి లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. సిగ్గనుకున్నాడు హాతీరాం. అందుకే ఆ పన్నెండింటికీ బాలి అని రాశాడు.

ఫైలు మీద మౌస్ కుడి మీట నొక్కితే, దాన్ని చివరగా ఎప్పుడు మార్చారో కనబడుతుంది. చూశాడు. ఈ రోజే, పొద్దున పదీ నలభై. ఆ వేళకు తాను ప్లాంటులో ఉన్నాడు.

"పొద్దుగాల ఎవలన్న వచ్చిండ్రా?" అని వంటింట్లోకి కేకేశాడు.

"మురళీకృష్ణ వచ్చిండు. ఏదో వైరు కావాలంటే ఇచ్చి పంపిన" అంది ద్వాలి.

మురళీకృష్ణది బస్టాండు దగ్గర సీడీల దుకాణం. వాళ్ల పెద్దలు కృష్ణా జిల్లా నుంచి సత్తుపల్లి వైపు వచ్చి వ్యవసాయం చేసుకుంటున్నవాళ్లు. క్యాసెట్‌లోని పాట కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలో నేర్పింది అతనే. పన్నెండు పాటలూ విని, "ఇవి సీడీగా వేద్దామయ్యా, ఖమ్మంలో నాకు తెలిసిన రికార్డింగ్ ఆయన ఉన్నాడు" అన్నదీ అతనే.

హాతీరాంకు లెక్క కుదిరిపోయింది. ఖమ్మంలో హేమ్లి అనే పిల్లను గాయనిగా నిలబెడుతున్నారు. గొంతు తన తల్లిది, పేరు ఆ పిల్లది. అందుకే ఈ మనిషి తాను లేని వేళ చూసి వచ్చాడు.

పేర్లన్నీ తిరిగి బాలి అని మార్చాడు. కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రమే దుకాణానికి వెళ్లి, నమూనాకిచ్చిన సీడీ వాపసు ఇమ్మన్నాడు.

"ఏంటయ్యా, ఏమైంది?" అన్నాడు మురళీకృష్ణ, సీడీ చేతికిస్తూ.

"ఏం కాలే. హేమ్లి ఎవరో జర చెప్తవా?"

"ఎవరూ?"

అతని మొహంలో ఏమీ కనబడలేదు. ఏమీ కనబడకపోవడమే హాతీరాంకు రుజువులా తోచింది. ఇంత తొణక్కుండా ఉన్నాడంటే ముందే సిద్ధపడి ఉంటాడు అనుకున్నాడు.

"మంచిగ నటిస్తున్నవ్" అని పైకే అనేసి వచ్చేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం వచ్చి చూస్తే ఏడు పాటలకు పేరు మారిపోయింది. పొద్దున పదీ పదిహేనుకు. పాస్‌వర్డ్ ఉండగానే.

అన్నం ముందు కూర్చుంటూనే అడిగాడు. "ఇయ్యాల ఎవలొచ్చిండ్రు?"

"ఎవలు రాలే."

"మురళీకృష్ణ?"

"రాలేదంటున్న గదా. ఊకె ఆయన పేరెందుకు తీస్తున్నవ్?"

ద్వాలి తన వైపు చూడకుండా పప్పు వడ్డిస్తోంది. ఆ చూడకపోవడం అతన్ని ముల్లులా గుచ్చింది. పాస్‌వర్డ్ కొడుతుంటే వెనక నిలబడి చూసిందా? చూసి అతనికి చెప్పిందా? తాను ఇంట్లో లేని పూట అతను ఎన్నిసార్లు వచ్చిపోతున్నాడు? ఒకదాని మీద ఒకటి పుట్టుకొస్తున్న ఆలోచనలకు తనకే రోత పుట్టింది. అయినా ఆపుకోలేకపోయాడు. మర్నాడు పనిలో ఉన్నంతసేపూ మీటర్ల అంకెలు చూస్తూనే ఉన్నాడు, ఒక్కటీ బుర్రకెక్కలేదు.

సోమవారం ఉదయం ఎప్పటిలా డ్యూటీకి వెళ్లి, తోటి ఆపరేటరు సీతయ్యను బతిమాలి తన చోట ఉంచి, పది దాటాక ఇంటికి తిరిగొచ్చాడు. సైకిలు వీధి మొదట్లోనే ఆపి నడిచాడు. గుమ్మం ముందు మగవాళ్ల చెప్పులు లేవు. అయినా తలుపు తట్టకుండా పక్కకు తిరిగి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

లోపల పాట వస్తోంది. కంప్యూటర్ ముందు ద్వాలి కూర్చుని ఉంది. పదో తరగతి దాకా చదివిన ద్వాలి, ఒక్కో అక్షరాన్నీ వేలితో వెతుక్కుంటూ కొడుతోంది. పక్కన నేల మీద బాలి, మోకాళ్లు చేతులతో చుట్టుకుని, కళ్లు మూసుకుని వింటోంది.

"ఇది గూడ అక్కదే. రాయి" అంది బాలి.

హాతీరాం తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. ద్వాలి అదిరిపడి లేచింది. బాలి మాత్రం కదల్లేదు. పాట పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు కళ్లు తెరిచింది.

"దాన్నేం అనకు. నేనే రాయించిన. నువ్వు మీటలు కొడుతుంటే ఎనకనుంచి చూడమన్నది గూడ నేనే. నీకు చెప్పొద్దని నా మీద ఒట్టేయించుకున్న" అంది.

"అక్క ఎవరు యాడీ?" అని తల్లిని అడిగాడు.

బాలి గచ్చు మీద వేలితో గీతలు గీసింది. "హేమ్లి నా తోడబుట్టింది. మీ నాయన మొదాల చేసుకున్నది దాన్నే. ఏడేండ్లయినా కడుపు పండలే. పెద్దమనుషులు కూసొని నన్నిచ్చిండ్రు. నేను ఈ ఇంట్ల కాలు పెట్టినంక రెండేండ్లకు అది పుట్టింటికి పోయింది. ఆ క్యాసెట్‌ల గొంతు దానిది. అందరు నాదనుకున్నరు. మీ నాయన మాట్లాడలే, నేను మాట్లాడలే."

పుట్టింటివాళ్లతో తల్లికి మాటల్లేవని హాతీరాంకు తెలుసు. భూమి తగాదా అని చెప్పేవారు.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే మీ నాయన మీద మనసు ఇరుగుతదని. మంది నోటితోటి అనుకున్నన్ని దినాలు ఓర్సుకున్న. నువ్వు రాతల పెడుతుంటివి. సీడీ చేసి ఊరూరికి పంపుతనంటివి. దాని నోట్లెకెల్లి గుంజుకున్నట్టు అనిపిచ్చింది నాకు."

ద్వాలి గోడకానుకుని నిలబడి ఉంది. ఆమె కళ్లలోకి చూడటానికి అతనికి ధైర్యం చాలలేదు. నాలుగు రోజులుగా తాను ఏమేం అనుకున్నాడో ఆమెకు తెలియదు. తెలియకూడదనే అతను కోరుకున్నాడు.

సాయంత్రం మురళీకృష్ణ దుకాణానికి వెళ్లి, జరిగినదంతా చెప్పి, తప్పైందన్నాడు.

"నాకు రాని భాషలో దొంగతనం ఎలా చేస్తాననుకున్నావయ్యా?" అన్నాడు మురళీకృష్ణ. నవ్వుతాడేమోనని చూశాడు హాతీరాం. అతను నవ్వలేదు. కానీ బ్యాటరీలతో పనిచేసే సీడీ ప్లేయరు ఒకటి అరలోంచి తీసి, "ఆవిడకి వినిపించాలిగా, తీసుకుపో" అని బల్ల మీద పెట్టాడు.

ఆదివారం తల్లీకొడుకులు చండ్రుగొండ దాకా బస్సులో, అక్కడి నుంచి తండాకు ఆటోలో వెళ్లారు. దారి పొడవునా బాలి కొంగు ముడి వేస్తూ, విప్పుతూ కూర్చుంది. ముప్పయ్యేళ్ల పైచిలుకు తరవాత వెళుతోంది.

తమ్ముడి ఇంటి పక్కనే చిన్న రేకుల ఇంట్లో ఉంటోంది హేమ్లి. పొడుగాటి మనిషి. వాకిట్లో మొక్కజొన్న కంకులు ఒలుస్తోంది. చెల్లెల్ని చూసి లేవలేదు, పొమ్మనలేదు. హాతీరాంను ఎగాదిగా చూసి, "దేవ్లా మొకమే" అంది.

అతను ప్లేయరు పెట్టాడు. మొదటి పాటకు ఆమె పెదాలు కదిలాయి, చేతులు మాత్రం ఒలవడం ఆపలేదు. అయిదో పాటకు తలెత్తింది.

"ఇది నాది గాదు. నాకు జరమొచ్చిన దినం బాలి పాడింది."

"నాదా?" అంది బాలి. నమ్మలేనట్టు ముందుకు వంగింది.

"నీదే. రెండో చరణంల మాట మింగేసినవ్, చూడు."

చివరి పాట మొదలవగానే హేమ్లి చేతులు ఆగిపోయాయి. "దీనికేం పేరు రాసినవ్?"

"పెండ్లి పాట అని" అన్నాడు హాతీరాం.

"ఢావ్లో పిల్ల పుట్టిల్లు ఇడిశేటప్పుడు పాడుతది. నేను మొగని ఇల్లు ఇడిశేటప్పుడు పాడిన, తెల్లారంగ, ఒక్కదాన్నే. మీ నాయన మిషన్ పెట్టిండని నాకు ఇప్పటిదాంక ఎరికే లేదు."

తండ్రి ఏ తలుపు చాటున నిలబడి రికార్డరు మీట నొక్కాడో, నొక్కి కూడా ఆమెను ఎందుకు ఆపలేదో అడగడానికి ఇప్పుడు మనిషే లేడు.

"తీసెయ్యాల్నా?" అన్నాడు హాతీరాం.

హేమ్లి పాట అయిపోయేదాకా విన్నది. "తీసెయ్యకు. నీ మిషన్ల ఉండనియ్. బజార్ల పెట్టకు. పెండ్లి పాట అని మాత్రం తుడిపెయ్."

బాలి ఏడుస్తోంది. హేమ్లి ఆమె వైపు చూడకుండానే రెండు కంకులు తీసి ఆమె ఒళ్లో పడేసింది. "ఊకె కూసుంటవేంది, ఒలువు."

చలికాలంలో మురళీకృష్ణ దుకాణంలోకి సీడీ వచ్చింది. పదకొండు పాటలు. పదింటికి హేమ్లి పేరు, ఒకదానికి బాలి పేరు. ఆ తరవాత నెలకోసారి బాలి చండ్రుగొండ బస్సు ఎక్కేది. హేమ్లి మాత్రం ఎన్నిసార్లు పిలిచినా పాల్వంచ రాలేదు.