వంకర ఇరుసు

గాజు పలక మీద సన్నటి ఉక్కు ఇరుసును పెట్టి, ఇరుసాయన చూపుడువేలితో మెల్లగా తోశాడు. నిటారుగా ఉన్న ఇరుసైతే చప్పుడు చెయ్యకుండా పలక అంచుదాకా దొర్లుకుంటూ పోతుంది. వెంట్రుకవాసి వంగినా టకటకమంటూ గెంతుతుంది. ఆయన తల వంచి విన్నాడు, ఒక కన్ను మూసి ఇరుసుకీ గాజుకీ మధ్య వెలుగు కనబడుతుందేమో చూశాడు, పెదవి విరిచి పక్కన పడేశాడు. ఇంకోటి తీశాడు. కట్టుకున్నదాన్ని ఏనాడైనా ఇంత శ్రద్ధగా చూశారా అని భార్య దెప్పుతుంటుంది. చూడలేదని ఆయనకీ తెలుసు.

వీధి చివర పాత గోదాములో ఉన్న బొమ్మకార్ల పందేల హాల్లో ఆయన పని అదే. హాలు నిండా నడుమెత్తు బల్లలు కలిపి వేసిన ట్రాక్. ట్రాక్ పొడవునా మెలికలు తిరిగే గాడులు. ఆ గాడిలోకి చిన్న నాలుక దించుకుని కరెంటుతో పరుగెత్తే అరచేతి పొడవు కార్లు. చేతిలోని మీట నొక్కితే వేగం, వదిలితే నిదానం. మలుపులో ఆత్రపడ్డవాడి కారు గాల్లోకి ఎగిరి గోడవార పడుతుంది. సెలవురోజు వస్తే చాలు, తలలు నెరిసినవాళ్ళు కూడా ఇక్కడికొచ్చి చిన్నపిల్లల్లా పోట్లాడుకుంటారు. వాళ్ళ కార్లకు ఇరుసులు ఎంచేదీ, టైర్లు అరగదీసేదీ, పళ్ళచక్రాలు కుదిర్చేదీ ఆయనే. అసలు పేరు ఓనరుకు కూడా గుర్తు లేదు. అందరికీ ఇరుసాయనే.

ఈ ఉదయం ఇంకా ఎవరూ రాలేదు. షట్టర్ సగమే ఎత్తి, ఆయన తన బల్ల దగ్గరే దొంగలా కూర్చున్నాడు. ఇప్పుడు ఎంచుతున్నది బావ కారుకు. బావకు తెలియకుండా.

బావ అంటే అక్క మొగుడు. బస్సు డ్రైవరుగా పనిచేసి, పక్షవాతం వచ్చాక ఇంట్లో కూర్చున్నాడు. కుడిచెయ్యి చాలావరకు కుదుటపడింది గానీ బస్సు మాత్రం మళ్ళీ చేతికి ఇవ్వలేదు. తను పనిచేసే గడియారాల కొట్టు మూతపడి ఇరుసాయన అక్క ఇంట్లో తేరగా తింటున్న రోజుల్లో, హాలు ఓనరును బతిమాలి ఈ పని ఇప్పించింది ఆ బావే. పొద్దుపోక ఆయనే ఇప్పుడు హాలుకు రావడం మొదలెట్టాడు. వచ్చినవాడు ఊరికే ఉంటాడా? మొదటిరోజే అందరి ముందూ భుజం చరిచి, "మా బామ్మర్దిని గోడ గడియారానికి కీ ఇవ్వమంటే స్ప్రింగు తెంపి చేతిలో పెట్టాడు. మీ కార్లు జాగ్రత్త బాబూ!" అన్నాడు. హాలంతా గొల్లుమంది.

బావాబామ్మర్దుల మధ్య ఇలాంటివి మామూలే. ఇంకోచోటైతే ఇరుసాయన కూడా నవ్వేవాడు. కానీ లోకంలో తనకు కాస్త మర్యాద దొరికే చోటు అదొక్కటే. ఒళ్ళు మండిపోయింది. ఆ రోజే బావ తన కొత్త కారు తెచ్చి మంచి ఇరుసు వెయ్యమంటే, పారెయ్యడానికి పక్కన పెట్టిన వంకర ఇరుసును తీసి బిగించేశాడు. నాలుగుసార్లు ఓడితే నోరు మూతపడుతుందనుకున్నాడు.

బావ ఓడాడు. నోరు మాత్రం మూతపడలేదు. "కారు మంచిదే, దానికి నేనే అలవాటు పడాలి" అంటూ ప్రతి వారం వచ్చేవాడు. మూల బల్ల దగ్గర కూర్చుని గరుకు కాగితంతో చక్రాలకు ఏదో చేసుకునేవాడు. ఏం చేస్తున్నాడో ఇరుసాయన చూడలేదు. చూడడానికి మొహం చెల్లేది కాదు. ఆ కారు కనబడితే చాలు, మంచినీళ్ళ వంక పెట్టి లేచిపోయేవాడు. మెల్లమెల్లగా బావ కారు మలుపుల్లో నిలబడసాగింది. పోయిన వారం మూడోవాడిగా వచ్చి, ఇంటికెళ్ళి ఆ వణికే చేతిని అక్క మొహం ముందు ఊపాడట. "చూశావా, ఇంకా నాదే" అన్నాడట. అక్క ఆ సంగతి ఫోనులో చెప్పి నవ్వుతుంటే ఇరుసాయన కలుపుకున్న అన్నం పక్కకు నెట్టేశాడు. వంకర ఇరుసుతోనే మూడోవాడైతే, మంచిదానితో ఎక్కడుండేవాడు? మేలు చేసినవాడికి ఇదా తను చేసింది? ఈ ఏటికి ఇవాళే ఆఖరి పందెం. ఇవాళైనా దిద్దుకోవాలి.

పలక మీద ఒక ఇరుసు నిశ్శబ్దంగా సాగిపోయింది. మళ్ళీ తోశాడు, మళ్ళీ అంతే. అంత నిటారైనది ఈమధ్య చేతికి రాలేదు. బావ తన కారును డబ్బాలో పెట్టి హాల్లోనే ఉంచుతాడు. ఆ డబ్బా తెరిచి, కారు వెనక చక్రాలు ఊడదీసి, పాత ఇరుసు లాగి కొత్తది దూర్చాడు. చక్రాలు తిరిగి బిగిస్తుండగా షట్టర్ కింద చెప్పులు కనబడ్డాయి. చక్రం తిప్పి టైరు చూడకుండా ఆయన ఏ కారునూ వదలడు. ఈసారి గబగబా డబ్బాలో పెట్టి మూత వేసి, పాత ఇరుసును చొక్కా జేబులో పడేసుకున్నాడు.

"ఏరా డాక్టరూ, పొద్దున్నే ఎవరి పీక కోస్తున్నావ్?" అంటూ బావ వంగి లోపలికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, గడ్డం నున్నగా గీసుకున్నాడు.

"ఎవరిదీ లేదు బావా. కూర్చో."

పందెం మొదలైన కాసేపటికే, మొదటి మలుపులో బావ కారు తుళ్ళి గాడిలోంచి లేచిపోయింది. ఎత్తి పెట్టారు. తర్వాతి మలుపులో మళ్ళీ లేచింది. వేగం తగ్గించినా లేచింది. మొదట ఎవరో నవ్వారు. తర్వాత జాలిపడి నవ్వడం మానేశారు. బావ చెవులు ఎర్రబడ్డాయి.

మొదటి విడత అయ్యాక కార్లు సరిచూసుకోవడానికి కాస్త వ్యవధి ఇస్తారు. బావ కారు తెచ్చి ఇరుసాయన ముందు పెట్టాడు.

"ఒక్కసారి చూడరా. కారుకేమన్నా అయిందా?"

ఇరుసాయన చక్రం తిప్పాడు. ఇరుసు నిలకడగానే ఉంది, టైరు ఎగురుతోంది. వేలు పెట్టి తడిమితే ఒకవైపు పలచగా, ఒకవైపు మందంగా తగిలింది. మూల బల్ల దగ్గర అన్నాళ్ళూ బావ చేసిందేమిటో అప్పుడు అర్థమైంది. లోపం ఇరుసుదని తెలియకపోయినా, చక్రం ఎగిరిన చోటల్లా రబ్బరును అరగదీసి, ఆ వంకరకు సరిగ్గా సరిపోయేలా టైర్లను దిద్దుకున్నాడు. ఆ టైర్లకు ఆ వంకర ఇరుసే సరైనది. తను పెట్టిన మంచి ఇరుసే వాటిని పాడుచేసింది.

పాతది జేబులోనే ఉంది. మార్చడానికి వ్యవధీ ఉంది. కానీ తీస్తే, ఇది నీ జేబులోకి ఎలా వచ్చిందిరా అంటాడు. పొద్దున్న సంగతి చెబితే మొదటిరోజు సంగతీ చెప్పాలి. ఓనరు పక్కనే నిలబడి ఉన్నాడు. మిగతావాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు.

"కారు బాగానే ఉంది బావా" అన్నాడు.

బావ తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు.

"అయితే చెయ్యేనన్నమాట."

"అదేం లేదు బావా, ఒక్కోరోజు అలా..."

"ఊరుకోరా. బస్సు ఇవ్వకుండా మంచి పనే చేశారు వాళ్ళు."

రెండో విడతకు నిలబడకుండానే వెళ్ళిపోయాడు. కారును ఇరుసాయన బల్ల మీదే వదిలేశాడు.

హాలు ఖాళీ అయ్యాక ఇరుసాయన కారుకు పాత ఇరుసు బిగించి ట్రాక్ మీద వదిలాడు. మలుపులన్నీ ఒక్క తుళ్ళింతైనా లేకుండా తిరిగొచ్చింది. తనెంత నీచుడో ఆ కారే చెప్పినట్టయింది. దాన్ని డబ్బాలో పెట్టుకుని అక్క ఇంటికి బయలుదేరాడు. తిడితే తిట్టనీ, కొడితే కొట్టనీ, చెప్పి తీరాలి. దారి పొడవునా మాటలు కూడబలుక్కున్నాడు.

అక్క తలుపు తీసి నోటి మీద వేలు పెట్టింది. "ఇప్పుడే కన్నంటుకున్నట్టుందిరా, లేపకు. ఏమైంది అక్కడ? వచ్చిందగ్గర్నించీ మనిషి మనిషిలా లేడు. చెయ్యి పోయిందే అన్నాడు, అంతే."

"లేచాక చెప్తానక్కా. ఇద్దరికీ కలిపి చెప్తా."

డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అక్క టీ ఇచ్చింది. కిటికీలో ఎండ తగ్గింది. ఇంకా పడుకుంటే రాత్రికి నిద్ర పట్టదంటూ ఆమె గదిలోకెళ్ళి "ఏవండీ" అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. ఆ తర్వాత వచ్చింది పిలుపు కాదు.

బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు, కుడిచెయ్యి దుప్పటిలో దాచుకుని. ఒళ్ళు చల్లబడింది. ఇరుసాయన ఆ చేతిని బయటికి తీసి పట్టుకున్నాడు. "నీ చెయ్యి కాదు బావా. నేనే. నీ చెయ్యి కాదు" అంటూనే ఉన్నాడు. అక్కకు ఆ మాటలు తలకెక్కలేదు. ఏడుపు మధ్య మంచం పక్కకు చెయ్యి చూపించింది.

"నేనేం పసివాణ్ణా అని, చెయ్యి వణికినా ఒలకకుండా తాగమంటూ ఆస్పత్రివాళ్ళిచ్చింది అటక మీద పారేశాడురా, ఇన్నాళ్ళూ ముట్టుకోలేదు. ఇవాళ రాగానే దాన్ని దించి కడిగిమ్మన్నాడు."

స్టూలు మీద, రెండు వైపులా పిడులూ మూతకు చిన్న ముక్కూ ఉన్న ప్లాస్టిక్ కప్పు, నిండా నీళ్ళతో ఉంది.