నలభై నల్ల కేకులు

ముందు వాసన వచ్చింది.

చేదుగా... ఆ చేదు వెనకే తీపిగా... ముదురు వాసన. సముద్రం వైపు నుంచి వీచే మధ్యాహ్నపు గాలి దాన్ని ఎత్తుకుని, బందరులో ఆ సన్నటి సందు పొడుగునా, గుమ్మం గుమ్మం దగ్గరా ఆగుతూ వెళ్లింది.

కోకో వాసన.

ఆ సందులో ఆ వాసన ఒక్క ఇంట్లోంచే వస్తుంది. రాహేలు ఇంట్లోంచి.

పద్దెనిమిదేళ్లు దొరసాని బంగళాలో వంట చేసింది రాహేలు. దొరసాని తన దేశం వెళ్లిపోయి మూడేళ్లయింది. పోతూ పోతూ ఒక జల్లెడ ఇచ్చింది, ఒక కొయ్య గరిటె ఇచ్చింది. కేకు చెయ్యడం మాత్రం కాగితం మీద రాసివ్వలేదు. అది ఏనాడో చేతికి నేర్పింది. ఆ చెయ్యి ఏదీ మరిచిపోలేదు.

ఆ రోజు శనివారం. జనవరి నెల. సాయంత్రం నాలుగింటికి ఇంట్లో కృతజ్ఞతా కూడిక.

కూతురు ప్రభావతి నర్సు చదువు పాసైంది. మూడేళ్లు ఇంటికి దూరంగా, మిషను ఆసుపత్రిలో ఉండి చదివింది. అవనిగడ్డలో ఉద్యోగం వచ్చింది. సోమవారం వెళ్లి చేరాలి. ఆ ఇంట్లో ఉద్యోగం చేయబోతున్న మొదటి ఆడపిల్ల. అందుకే దేవుడికి స్తోత్రం చెప్పుకోవాలి. సంఘం వాళ్లు నలభై మంది వస్తారు.

నలభై మందికి నలభై కేకులు. అరచేతిలో ఇమిడే చిన్న కేకులు. దొరసాని చేసినట్టే... నల్లగా, మెత్తగా, పైన వెన్న నురగతో.

రాహేలు భర్త సత్యవేదం ప్రాథమిక పాఠశాలలో మేష్టారు. కోకో డబ్బా ఆయనే బెజవాడ నుంచి తెచ్చాడు. పక్కింటి నూరుల్లా రేకుపని చేస్తాడు. పది చిన్న రేకు గిన్నెలు అంచులు గుచ్చుకోకుండా మడిచి చేసి ఇచ్చాడు.

బంగళాలో ఇనప పొయ్యి ఉండేది. ఇక్కడ పెద్ద డేక్సా ఉంది. అడుగున ఇసుక. ఇసుక మీద గిన్నెలు. పైన మూతగా పెనం. పెనం మీద నిప్పులు, డేక్సా కింద నిప్పులు.

పొద్దున్నే గేదె వెన్న తీసింది. పంచదార రోట్లో దంచి, పల్చటి గుడ్డలో వేసి జల్లించింది. రెండూ వెడల్పాటి పళ్లెంలో వేసి అరచేత్తో రుద్దింది. గరిటెతో అయితే ఆ నునుపు రాదు. గంటసేపు రుద్దింది. కుడిచెయ్యి నొప్పెడితే ఎడమచెయ్యి, ఎడమచేతి తర్వాత కుడిచెయ్యి. పసుప్పచ్చగా ఉన్న వెన్న తెల్లబడింది. తెల్లబడి తేలికైంది. తేలికై మబ్బులా పొంగింది.

మైదా, గుడ్లు, సోడా ఉప్పు. కోకోలో వేడి వేడి కాఫీ డికాషను. నల్లగా రావాలంటే అదే కిటుకు.

మూడు వాయలు అయ్యాయి. ముప్పై కేకులు. చల్లారినవాటి మీద వెన్న నురగ కూడా పెట్టేసింది. తెల్లటి సుడి, కొసన చిన్న ముక్కు. ప్రభావతి అటు వెళ్తూ ఇటు వెళ్తూ చూసి నవ్వుకుంటోంది.

చివరి వాయ.

పెనం దించింది రాహేలు. కదలకుండా డేక్సా అంచుని ఎడమచేత్తో పట్టుకుంది. కుడిచేత్తో చీపురుపుల్ల తీసుకుని కేకులో గుచ్చి చూసింది. పుల్లకి పిండి అంటలేదు. రెండోది గుచ్చింది. మూడోది. ఒక్కొక్కటీ చూసింది, తొందరేం లేదు. పదీ చూసింది.

నూరుల్లా భార్య ఖుర్షీదా పెరటి గుమ్మంలో కూర్చుని గ్లాసులు తుడుస్తోంది. తుడుస్తున్నదల్లా తలెత్తింది.

"అక్కా... ఏదో కాలుతోంది. కేకు కాదు."

రాహేలు గాలి పీల్చింది. నిజమే. కోకో వాసనలో ఇంకో వాసన.

పొయ్యి చూసింది. చీర కుచ్చిళ్లు చూసుకుంది. మసిగుడ్డ చూసింది... మసిగుడ్డ నేల మీద ఉంది.

మసిగుడ్డ నేల మీద ఉంది!

మరి డేక్సా అంచుని పట్టుకున్నది?

ఎడమచెయ్యి. ఒట్టి చెయ్యి.

తీసింది. చర్మం కొంచెం అంచుకే ఉండిపోయింది. చిటికెన వేలి నుంచి మణికట్టు దాకా తెల్లగా ఉబ్బి ఉంది. రాహేలు దాన్ని చూసింది. ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూసింది.

నొప్పి లేదు.

కాసేపాగితే వస్తుందనుకుంది. కాలినప్పుడు ఒక్కోసారి ఆలస్యంగా మండుతుంది కదా. ఆగింది.

నొప్పి లేదు.

ప్రభావతి పరిగెత్తుకొచ్చింది. ముంతతో నీళ్లు పోసింది. పోస్తూ, పోస్తూ... చెయ్యి ఆపింది.

"అమ్మా, మంట లేదా?"

లేదంది రాహేలు. అదేదో మంచి మాటైనట్టు, కూతురికి ధైర్యం చెబుతున్నట్టు. ఏడాది నుంచి ఆ వేళ్లు తిమ్మిరెక్కినట్టు ఉంటున్నాయనీ, రెండుసార్లు గ్లాసు జారిపోయిందనీ, వయసు వస్తోంది కదా అనీ అంది.

ప్రభావతి లోపలికి వెళ్లి దూది తెచ్చింది. పీచు తీసి సన్నగా పేనింది. తల్లిని పీట మీద కూర్చోబెట్టింది. కళ్లు మూసుకోమంది. ఎక్కడ తగిలితే అక్కడ రెండో చేత్తో చూపించమంది.

రాహేలు కళ్లు మూసుకుంది.

కొబ్బరాకుల మీద గాలి. ఎక్కడో సైకిలు గంట. ముందు గదిలో సత్యవేదం చాపలు దులుపుతున్న చప్పుడు.

ఎదురుచూసింది.

ఎదురుచూసింది.

"ఎప్పుడు మొదలెడతావే?" అంది.

కళ్లు తెరిచింది. దూది పోగు తన చిటికెన వేలి మీదే ఉంది. కదులుతోంది. వేలి మీద, వేలి పక్కన, అరచేతి అంచున... కదులుతూనే ఉంది. ప్రభావతి పెదవులు తెల్లబడ్డాయి.

మోచేతి వెనక తడిమింది. అక్కడ నరం తాడులా లావుగా ఉంది. రవిక కొంచెం జరిపి భుజం చూసింది. పాలిపోయిన మచ్చ. రాహేలు రెండేళ్లుగా శోభి అనుకుంటున్న మచ్చ.

అక్కడ దూది తగిలినా తెలియలేదు. సూది తగిలినా తెలియలేదు.

నర్సు అయ్యాక ప్రభావతికి ఆమే మొదటి రోగి. ఆ మాట ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

"పెద్దరోగమా?" అని రాహేలే అడిగింది. కుష్ఠు అన్న మాట ఆ ఇళ్లలో ఎవరూ పైకి అనరు.

ప్రభావతి తలూపింది.

గ్లాసు నేల మీద పెట్టిన చప్పుడు. ఖుర్షీదా లేచింది. గుమ్మం దాటి వెళ్లిపోయింది.

నందివాడ దగ్గర ఊళ్లో రాహేలు పెదనాన్న ఉండేవాడు. పోతయ్య. కాలవగట్టు మీద, ఊరికి దూరంగా, తాటాకు పాక. రోజూ అన్నం ముంత పట్టుకెళ్లేది రాహేలు. అప్పటికి ఏడేళ్లు. దిబ్బ మీద ముంత పెట్టి, అటు చూడకుండా ఒకటే పరుగు. వెనక నుంచి మెత్తటి గొంతు వినిపించేది.

"పరిగెత్తకే తల్లీ, పడతావు. నేను లేవనులే."

నేను లేవనులే.

నలభై ఏళ్లుగా ఆ గొంతు గుర్తు రాలేదు. ఇవాళ, పొయ్యి ముందు, పీట మీద కూర్చుని ఉండగా... పక్కనే నిలబడి అన్నట్టు వినిపించింది. పోతయ్య పోయాక ఆ ఇంట్లో ఆయన పేరెత్తలేదు ఎవ్వరూ. పాక తగలబెట్టారు. పేరు కూడా అందులోనే తగలబడింది.

పెరటి గుమ్మంలో నీడ పడింది. ఖుర్షీదా తిరిగొచ్చింది.

చేతిలో చిన్న గిన్నె. కొబ్బరినూనె, సున్నపు తేట కలిపి గిలక్కొట్టింది. కాలినచోట రాయడానికి. లోపలికి రాలేదు. గిన్నె గుమ్మం మీద పెట్టింది. పెట్టి, వేలికొసలతో ఇటువైపు కొంచెం జరిపింది.

జరిపి, వెనక్కి రెండడుగులు వేసింది.

"ప్రభ చేత రాయించుకో అక్కా," అంది. వెళ్లిపోయింది.

రాహేలు ఆ గిన్నె వంకే చూసింది. దిబ్బ మీద ముంత... అలాగే పెట్టేది తను. ఇంతే దూరంలో.

అయినా ఖుర్షీదా పరిగెత్తలేదు. తెచ్చి పెట్టింది. భయపడుతూనే తెచ్చి పెట్టింది.

అప్పుడు చూసింది రాహేలు, వెన్న పళ్లాన్ని.

గంటసేపు రుద్దింది. ఈ అరచేత్తోనే రుద్దింది. ముప్పై కేకుల మీద తెల్లటి సుడులు... అన్నీ ఈ చేతివే.

లేచింది. పళ్లెం ఎత్తి పెరటి మురిక్కాలవలో పొయ్యబోయింది. ప్రభావతి పళ్లెం రెండో అంచు పట్టుకుంది. ఇద్దరి మధ్యా వెన్న వణికింది.

కూతురు చెప్పింది. తిండి వల్ల రాదంది. ముట్టుకుంటే అంటుకుపోయే జబ్బు కాదంది. ఇప్పుడు మాత్రలున్నాయంది, ఏళ్ల తరబడి మింగాలి గానీ తగ్గుతుందంది. పాకలూ, గట్లూ అక్కర్లేదంది. తమ ఆసుపత్రిలో అలాంటి వాళ్ల పుళ్లు తన చేతులతో కడిగానంది. గడగడా చెప్పింది. పరీక్షలో అప్పజెప్పినట్టు చెప్పింది.

రాహేలు అన్నీ విన్నది. విని ఒక్కటే అడిగింది.

"నువ్వు తింటావా?"

గాలి ఆగింది. లేక ఆగినట్టనిపించింది.

ప్రభావతి కేకుల వంక చూసింది. ఒక క్షణం. ఆ క్షణం చాలా పొడుగ్గా ఉంది. ఎంత పొడుగంటే, అందులో ఏముందో తల్లికి పూర్తిగా కనిపించింది. చదువుకున్న పిల్ల. పుళ్లు కడిగిన పిల్ల. అయినా ఆ క్షణం ఉంది.

చెయ్యి చాపి ఒకటి తీసుకుంది. తెల్లటి సుడితో సహా నోట్లో పెట్టుకుంది. నమిలింది. రాహేలు కూతురి గొంతు వంకే చూస్తూ నిలబడింది. ఆ గొంతు కదిలేదాకా ఊపిరి తీసుకోలేదు.

కదిలింది.

"చేదు కొంచెం ఎక్కువైందమ్మా," అంది ప్రభావతి. కళ్ల వెంట ధారగా నీళ్లు.

సత్యవేదాన్ని పెరటి వైపు పిలిచారు. కూతురే చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. పాతికేళ్లు కలిసి బతికిన మనిషి చెయ్యి... పట్టుకుందామని ముందుకొచ్చి, ఏ చెయ్యి పట్టుకోవాలో తెలియక భుజం మీద చెయ్యేశాడు. ఆ భుజం మీదే మచ్చ ఉంది. ఆయన చెయ్యి పడిన సంగతి ఆమెకి చూస్తేగానీ తెలియలేదు.

"కేకులు మాడిపోయాయని చెప్దామా?" అన్నాడు మెల్లగా. "అరటిపళ్లు తెస్తాను."

మంచి ఆలోచనే. ఎవరికీ నష్టం లేదు. పిల్ల సోమవారం వెళ్లిపోతుంది. మాత్రలు ఎవరికీ తెలియకుండా మింగొచ్చు. చెయ్యి పైట కింద దాచుకోవచ్చు. కేకులు మాడిపోయాయి... అంతే. చిన్న మాట.

రాహేలు ఆ చిన్న మాట చుట్టూ మనసులో తిరిగింది. తిరిగేకొద్దీ అది చిన్నదిగా కనిపించలేదు. నాలుగు గోడలు కనిపించాయి. తాటాకు కప్పు కనిపించింది.

ముందు గదిలో జనం. చెప్పులు విడిచిన చప్పుళ్లు. పాట మొదలైంది. పాట తర్వాత సంఘ కాపరి అయ్యగారు ప్రార్థన చేశారు. ప్రభావతిని పేరు పెట్టి దీవించారు. ఈ బిడ్డని పెంచిన తల్లి చేతుల కష్టం కోసం స్తోత్రం అన్నారు. ఆమెన్ అన్నారు అందరూ.

తలుపు వెనక నిలబడి ఉంది రాహేలు. ఎడమచేతికి తెల్లటి గుడ్డ కట్టు. కుడిచేత్తో ఎడమచేతి వేళ్లు పట్టుకుని చూసుకుంది. చల్లగా ఉన్నాయని కుడిచేతికి తెలిసింది.

ఎడమచేతికి ఏమీ తెలియలేదు.

"సందు మొదట్నుంచే వాసన కొడుతోందండీ మేష్టారూ," అని ఎవరో నవ్వారు. "ఇంక ఆగలేం."

రాహేలు పెద్ద పళ్లెం ఎత్తింది. ప్రభావతి రెండో వైపు పట్టుకోబోతే వద్దంది. గడప దాటింది.

నలభై మొహాలు తిరిగాయి. అందరూ తెలిసినవాళ్లే. పెళ్లిళ్లకి పిండి కలిపిన ఇళ్లు. పురుళ్లు పోసిన ఇళ్లు. ముందు వరసలో ముసలమ్మ అప్పుడే దోసిలి పట్టింది. పక్కన ఇంకొకరు చెయ్యి చాపారు. ఆ వెనక ఇంకొకరు.

సత్యవేదం గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తల దించుకోలేదు.

"ఒక్క మాట చెప్పి పెడతానండీ," అంది రాహేలు.

చెప్పమన్నారు. నవ్వుతూనే చెప్పమన్నారు.

కిటికీలోంచి గాలి వచ్చింది. గదంతా కోకో వాసన. చేదుగా... ఆ చేదు వెనకే తీపిగా...

రాహేలు నోరు తెరిచింది.

చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి.

ఆమె ఇంకా ఏమీ చెప్పలేదు.