దిబ్బ తవ్వే ముందు

పురావస్తుశాస్త్రం, గేలిక్ భాష కలిపి చదువుతున్న పీగీకి చివరి ఏడాది పరిశోధన అంతా ఉయిస్ట్ దీవిలోని ఒక ఇసుకదిబ్బ మీదే ఆధారపడి ఉంది. ఆ దిబ్బ లాక్లన్ అనే ముసలాయనది. ఆయన వద్దంటే తవ్వకం లేనట్టే.

అనుమతి అడగడానికి వారం రోజులుగా సాధన చేసిన మాటల్ని ఆమె ఆయన ఇంట్లో కూర్చుని తడబడకుండా గేలిక్‌లో అప్పజెప్పింది. ఆయన టీ పోస్తూ విన్నాడు.

"బాగానే చెప్పావు గానీ, ఎవరమ్మాయివో చెప్పలేదే."

పీగీ నాలుక కరుచుకుంది. ఈ దీవిలో ముందు చెప్పాల్సింది అదే.

"ఆలన్ కూతుర్ని తాతగారూ. ఆలన్ డంకన్ కొడుకు, డంకన్ రోరీ కొడుకు."

"ఓహో, డంకన్ మనవరాలివా. చిన్నప్పుడు నేనూ వాడూ నిధి కోసం ఆ దిబ్బ దక్షిణం వైపంతా తవ్విపారేశాం. దొరికింది గొర్రె పుర్రె."

పీగీ తన పటం చూసుకుంది. తవ్వాలని గీత గీసుకున్నది సరిగ్గా అక్కడే.

"మరి ఉత్తరం వైపు?"

"అటు గాలెక్కువని మీ తాతకు బద్ధకం. ఎవరూ వేలు పెట్టలేదు. రేపు పొద్దున్నే రా, గేటు తీసి ఉంచుతాను. ముందు ఆ టీ తాగు."

పీగీ పాత గీత కొట్టేసి, ఉత్తరం వైపు కొత్తది గీసుకుంది.