వెనకటాయన తేదీ

‘కొనసాగడానికి ఏదైనా ఒక మీట నొక్కండి’ అంటోంది కంప్యూటరు. వెనకటాయన నొక్కుతూనే ఉన్నాడు. పొడుగు మీట నొక్కాడు, పొట్టి మీట నొక్కాడు, చివరికి అరచేత్తో నాలుగైదు కలిపి నొక్కాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“నీ మొండితనం తగలెయ్య! నొక్కమనేదీ నువ్వే, నొక్కితే పలకనిదీ నువ్వే!”

అవతలి గోడ దగ్గర ఒళ్లో దళసరి కాగితాలు పెట్టుకుని వేళ్లతో చదువుకుంటున్న ప్రూఫ్ రీడరు నవ్వింది. “ఎవర్నన్నయ్యా తిడుతున్నావు? కొత్తదాన్నా, పాతదాన్నా?”

“కొత్త ఒంట్లో పాత ప్రాణం పెడుతున్నా చెల్లమ్మా. రెండూ ఒక్కటై నన్ను తిప్పలు పెడుతున్నాయి.”

చూపు లేనివాళ్ల కోసం బ్రెయిలీ పుస్తకాలు అచ్చువేసే చిన్న ప్రెస్సు అది. ఉన్నవి రెండే గదులు. వెనక గదిలో, బీరువాను పడుకోబెట్టినంత యంత్రం ఒకటి కాగితం మీద చుక్కలు గుచ్చుతుంది. ఆ చుక్కల్లో తప్పులు పట్టడం ప్రూఫ్ రీడరు పని. పుట్టుకతోనే ఆమెకు కళ్లు లేవు. యంత్రానికి అర్థమయ్యే ప్రోగ్రాము ఈ లోకంలో ఒక్కటే. ఆ ప్రోగ్రాము నడిచేది పాతికేళ్లనాటి ఆపరేటింగ్ సిస్టమ్ మీద మాత్రమే. రెండింటినీ తయారుచేసినవాళ్లు ఎప్పుడో దుకాణం కట్టేశారు. సోమవారం నాడు పాత కంప్యూటరు కాస్త పొగ వదిలి కన్నుమూసింది.

మేనేజరు చెడ్డవాడేం కాదు. కొత్త కంప్యూటరు తెప్పించి మరీ చెప్పాడు. “శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా నడిస్తే సరే. నడవకపోతే శనివారం పాత సామాన్లవాణ్ణి పిలుస్తాను. పుస్తకాలు బయట అచ్చువేయించుకుందాం, ఏం చేస్తాం!” బయట అచ్చయ్యే పుస్తకాలకు ఇక్కడ ప్రూఫ్ రీడరు ఎందుకు? ఆ మాట మేనేజరు అనలేదు. ఎవరూ అనలేదు. ఆమె మాత్రం నాలుగు రోజులుగా, ఎప్పుడో చదివేసిన కాగితాలనే మళ్లీ మళ్లీ తడుముతోంది.

ఇవాళ శుక్రవారం.

వెనకటాయనకు ఆ పేరు పెట్టింది కూడా ఆమే. ప్రోగ్రాము తెరవగానే ఇవాళ తారీఖెంత అని అడుగుతుంది. ఉన్న సంవత్సరం చెబితే తెల్లమొహం వేసి మూసుకుపోతుంది పాపం, అంత ముందుకు వెళ్లడం దానికి చేతకాదు. అందుకని ఆయన రోజూ పొద్దున్నే తొంభై తొమ్మిది అని కొట్టి పని మొదలుపెట్టేవాడు. కొడుతూ పైకి చదివేవాడు కూడా. పద్దెనిమిదేళ్లుగా ఆ ప్రెస్సులో అచ్చయిన ప్రతి పుస్తకం అడుగునా అదే సంవత్సరం. “మన ప్రెస్సులో ఎవరికీ వయసు రాదన్నయ్యా” అనేది ఆమె. ఆయన జుట్టు నెరిసిందని ఎవరైనా చెబితే నమ్మేది కాదు.

పదకొండింటికి కిటుకు దొరికింది. కొత్తరకం కీబోర్డును పాత సిస్టమ్ గుర్తుపట్టడం లేదు. చనిపోయిన కంప్యూటరుది, తీగ చివర గుండ్రటి మొన ఉన్న కీబోర్డు తెచ్చి వెనకాల గుచ్చాడు. వెంటనే పలికింది. “చూశావా, తెలిసిన మొహం కనబడితేగానీ నోరు విప్పదు” అని గొణుక్కున్నాడు. ఆ తర్వాత డిస్కును పాత పద్ధతిలో నడిచేలా సర్దాడు. అయినా మధ్యలో నీలం తెర వేసుకుని కూర్చుంది. ఆయన తల గోక్కున్నాడు. పెట్టె విప్పి నాలుగు మెమరీ పలకల్లో మూడు ఊడబెరికాడు. ఇరుకు గదిలో బతికిన మనిషిని తెచ్చి మైదానంలో పడుకోమంటే నిద్ర పడుతుందా మరి! ఒక్క పలకతో సిస్టమ్ బుద్ధిగా నడిచింది.

వంగి లేచేసరికి ఛాతీలో పట్టేసింది. కుర్చీలో కూలబడ్డాడు. భోజనం డబ్బా మూతలో భార్య చీటీ పెట్టి మరీ మాత్ర కట్టింది: ‘నాలుక కింద. మర్చిపోయారో, ఇంటికి రావద్దు.’ నవ్వుకుని మాత్ర వేసుకున్నాడు.

“ఏంటన్నయ్యా, ఊపిరి అలా తీస్తున్నావు?”

“గ్యాసు. సోమవారం ఆస్పత్రికి రమ్మన్నారు. అదిగో, అందుకే చెబుతున్నా. ఆ రోజు నువ్వే మొదలుపెట్టాలి.”

“నేనా? తెర మీద ఏముందో నాకెలా తెలుస్తుంది?”

“తెరతో నీకేం పని? ఏ మీట ఎన్నిసార్లు కొట్టాలో రాసిస్తా. లెక్కపెట్టుకుంటూ కొట్టెయ్.”

డ్రాయరులోంచి జిగురు సీసా తీశాడు. ఆమెకు అవసరమయ్యే మీటల మీద ఒక్కో బొట్టు పెట్టాడు. ఎండితే చుక్కలా గట్టిపడుతుంది, వేలికి తగులుతుంది.

“ఆరనివ్వు, తొందరపడకు” అంది ఆమె. ఆయన ఆగుతాడా? ఆరిందో లేదో చూద్దామని ఎంటర్ మీట మీద బొటనవేలు పెట్టాడు. అంటుకుంది. “ఛీ, ఛీ! నన్నే పట్టుకుంది” అని వేలు పీక్కుంటే ఆమె పడీపడీ నవ్వింది. నాలుగు రోజుల్లో ఆమె అలా నవ్వడం అదే మొదలు.

నాలుగున్నరకు యంత్రం ధన్ ధన్‌మని చప్పుడు చేసింది. ఆ చప్పుడుకు ఆమె లేచి నిలబడింది. కాగితాలు కింద పడిపోయినా పట్టించుకోలేదు. ముందు గదిలోంచి మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. మొదటి పేజీ బయటికొచ్చింది. ఆమె రెండు చేతులతో అందుకుని పైనుంచి కిందికి చదివింది.

“ఒక్క చుక్క కూడా తప్పు లేదు” అంది.

“హమ్మయ్య! పాత సామాన్లవాడికి ఫోన్ చేసి రావద్దని చెబుతా” అంటూ మేనేజరు వెళ్లాడు.

వెనకటాయన మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఆమెకు రాసిస్తానన్న మీటల లెక్కను మెట్టు వెంట మెట్టు, మొదటి నుంచి పది దాకా కొట్టి, చుక్కల్లో అచ్చవడానికి యంత్రానికి పంపాడు. ఆ కాగితం ఆమె అందుకునేలోగా చెప్పులు విడిచి కాళ్లు చాపుకున్నాడు. “చదువు చెల్లమ్మా, తప్పులుంటే చెప్పు. నేనిలా ఒక్క క్షణం కళ్లు మూసుకుంటా.”

ఆమె మెల్లగా చదువుకుంది. స్విచ్చి వెయ్యి. కింది బాణం మూడుసార్లు. పొడుగు మీట ఒకసారి. ఇరవై దాకా లెక్కపెట్టి ఆగు. అంతా బాగానే ఉంది. చివరికి వచ్చి మళ్లీ వెనక్కి వెళ్లింది, మళ్లీ చూసింది, నవ్వొచ్చింది.

“దొరికావన్నయ్యా! తొమ్మిదో మెట్టుకీ పదో మెట్టుకీ మధ్య తారీఖు అడుగుతుందిగా? అది రాయనేలేదు. నీకది ఊపిరిలా అయిపోయింది, లెక్కలోకే రాలేదు.”

ఆమె ఆయన వైపు తిరిగింది.

“నిద్రపోయావా?”

కాగితాలు పక్కన పెట్టి ఆయన దగ్గరికి నడిచింది. భుజం తట్టింది. చెయ్యి పట్టుకుని మణికట్టు మీద వేళ్లు పెట్టింది. కాగితం మీద అరిగిపోయిన చుక్కను సైతం పట్టగల వేళ్లవి. అవి చాలాసేపు వెతికాయి. అప్పుడు మేనేజర్ని కేకేసింది, రెండోసారి కేకేసేసరికి ఏడుపు వచ్చేసింది.

తర్వాతి మంగళవారం ప్రెస్సు తెరిచారు. “నీవల్ల అవుతుందామ్మా?” అన్నాడు మేనేజరు. “చూస్తాను సార్” అంది. ఆయన కుర్చీలోనే కూర్చుంది. కాగితం ఒళ్లో పెట్టుకుని, లెక్కపెట్టుకుంటూ తొమ్మిది మెట్లు దాటింది. అక్కడ ఆగింది. రాయని మెట్టు అదే. పద్దెనిమిదేళ్లు చెవినబడ్డ మాటే కదా! ఆయనలాగే పైకి చదువుతూ ఆ రోజు తారీఖు కొట్టింది, నెల కొట్టింది. “సంవత్సరం తొంభై తొమ్మిది” అని అది కూడా కొట్టింది.

ఇక ఎంటర్ నొక్కడమే మిగిలింది. ఆ మీట కోసం తడిమిన వేలు అక్కడే నిలిచిపోయింది. మిగతా మీటల మీది చుక్కల్లా ఇది నున్నగా లేదు. సన్నటి గీతలు, ఒకదాన్నొకటి చుట్టుకుంటూ. ఆమె చదివింది. మళ్లీ చదివింది.

“ఏమైందమ్మా?”

“ఏం లేదు సార్” అని నొక్కింది. యంత్రం ధన్ ధన్‌మని మొదలైంది. పేజీ అందుకోవడానికి ఆమె లేచి వెళ్లింది. అరిగిన ఆ కీబోర్డు మీద, ఎండిన జిగురుబొట్టులో ఆయన బొటనవేలి గీతలు అలాగే ఉన్నాయి.