పెడల్ మీద కాలు

మా ఆయన ముప్పై రెండేళ్లు పోస్టాఫీసులో కవర్ల మీద ముద్రలు కొట్టాడు. రిటైరైన మర్నాడు ఆయనకో సంగతి తెలిసింది, తాను పుట్టుకతోనే మెకానిక్కునని. ఇప్పటిదాకా ఆ సంగతి నమ్మిన మనిషి మా అక్క ఒక్కతే.

బావగారు పోయాక ఈ అయిదేళ్లూ ఆయన పాత కారు షెడ్డులో నిలబడే తుప్పు పట్టింది. ఇంజను పలికింది గానీ బ్రేకులు పనిచెయ్యలేదు. అక్క దాన్ని లారీకెక్కించి మా ఇంటికి తెచ్చింది. బ్రేకులు బాగయ్యాక తనే నడుపుకుంటూ వెళ్లిపోతానంది. డెబ్బై నాలుగేళ్ల పిల్ల మరి!

"వారం రోజులు చాలు వదినగారూ" అన్నాడు మా ఆయన.

అది జరిగి అయిదు వారాలైంది.

నాకు ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా దడే. గ్యాసు బండ దింపి వెళ్లే మనిషిని కూడా సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడతాను. అలాంటిది, పక్కగదిలో అక్క దగ్గు వినబడుతుంటే అయిదు వారాలూ హాయిగా నిద్రపోయాను.

మా మెకానిక్కు గారు నాలుగు చక్రాలూ ఊడదీశారు. బ్రేకు డ్రమ్ములు ఊడి రాకపోతే సుత్తితో బతిమాలారు. లోపల బిగుసుకుపోయిన సిలిండర్లు తీసి, రబ్బర్లన్నీ కొత్తవి వేశారు. కారుతో వచ్చిన పుస్తకం చదివేది నేను, తల ఊపేది ఆయన. బ్రేక్ ఆయిల్ రంగును తినేస్తుందన్న పేజీకి నేను వచ్చేసరికి, బానెట్ పక్కన అరచేతి మేర రంగు అప్పటికే లేచిపోయింది.

"పాత కారుకి ఆ మాత్రం మచ్చ ఉంటేనే అందం" అన్నాడాయన.

ఇక మిగిలింది గొట్టాల్లో గాలి తీయడం. దానికి ఇద్దరు కావాలి. డ్రైవరు సీట్లో కూర్చుని నేను పెడల్ నొక్కి పట్టుకోవాలి. ఆయన చక్రం దగ్గర పడుకుని చిన్న మర విప్పితే, ఆయిలూ గాలి బుడగలూ సీసాలోకి వస్తాయి. ఆయన మర బిగించేదాకా నేను కాలు తీయకూడదు. తీశానా, పోయిన గాలి మళ్లీ లోపలికొస్తుంది, బ్రేకు మెత్తబడుతుంది. ఆ వాక్యం నేనే పైకి చదివి వినిపించాను.

అంత బాగా అర్థమైంది కాబట్టే కాలు తీయడం మొదలుపెట్టాను.

"నొక్కావా?"

"నొక్కానండీ."

"పట్టుకో, పట్టుకో... ఆఁ, బిగించాను."

ఆ మాట రావడానికి రెప్పపాటు ముందే నా మడమ తేలేది. ఎనిమిది రోజులు ఇదే తంతు. ఆయన రబ్బర్లు చేసినవాణ్ని తిట్టాడు, ఆయిల్ అమ్మినవాణ్ని తిట్టాడు, చివరికి పోయిన బావగారినీ వదల్లేదు. పక్క సీట్లో కూర్చున్న అక్క పేపరు తిరగేస్తూ ఉండేది.

తొమ్మిదో రోజు ఆయన స్పానరు కింద పడేసి చేతులు తుడుచుకున్నాడు. "ఇంతే వదినగారూ. రెండుసార్లు తొక్కితే పట్టుకుంటోంది. పాత బండికి ఆ మాత్రం చాలు."

"చాలు మరిదీ. రేపు పొద్దున్నే బయల్దేరతాను" అంది అక్క.

దారిలో ఘాట్ రోడ్డు దిగాలి. అక్కడ రెండోసారి తొక్కడానికి ఎవరు టైమిస్తారు? అక్కను ఆపుదామని నేనే తనని లోయలోకి తోస్తున్నాను. ఎంత తెలివి!

"ఇంకొక్కసారి గాలి తీద్దామండీ" అన్నాను.

"మోకాలు నొప్పని నిన్నంతా మూలిగావుగా!"

"మూలిగేది నేను కదా. మీరు పడుకోండి."

నాలుగు చక్రాలూ తిరిగాం. మోకాలు మండిపోతున్నా, ఆయన "బిగించాను" అన్నాక కూడా మరో రెండు అంకెలు లెక్కపెట్టి కాలు తీశాను. సీసాలో బుడగలు ఆగిపోయాయి. పెడల్ రాయిలా గట్టిపడింది.

"చూశారా నా చెయ్యి మహిమ!" అన్నాడు మా ఆయన. చెయ్యి కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు, ఛాతీ ముందు, తను వెనక.

అక్క పేపరు మడిచింది. "ఏమే బుజ్జీ, ఇవాళ నీ కాలు బుద్ధిగా ఉందే."

నేను తల వంచుకున్నాను. "నీకు తెలుసా?"

"పక్కనే కూర్చున్నాను కదే. కళ్లకి ఆపరేషన్ కూడా అయింది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నాకు మాత్రం అంత తొందరేముంది?" అంది. పేపరు చంకలో పెట్టుకుని, "కానీ నా ఇల్లు నాకుండాలే" అంది.

మర్నాడు పొద్దున్న కారు కదిలింది. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. సందు చివర ఒక సైకిలు అడ్డం వచ్చింది. ఎర్ర దీపాలు వెలిగాయి, కారు గీత గీసినట్టు ఆగింది. ఒక్క తొక్కుకే.

"అదీ పనితనమంటే!" అన్నాడు వెనకనుంచి మా మెకానిక్కు గారు.

నిజమే, అంత బాగా చేసిపెట్టాను. సైకిలు దాటింది. ఎర్ర దీపాలు ఆరిపోయాయి.